ఊరికి వాన, పెళ్ళికి ఎండ

"వానకు ఈ ప్రభుత్వం ఎన్నడూ వ్యతిరేకం కాదు" అని ఎండల నివారణ శాఖ సహాయ మంత్రి, గౌరవనీయులు డొనా టైనన్ గారు మంగళవారం పొద్దున మా జిల్లా రేడియోలో నిర్ద్వంద్వంగా ప్రకటించారు. అంతటితో ఆగలేదు. శుక్రవారం పదకొండు గంటలకు తాము స్వయంగా మా కిల్‌మొరాన్ చర్చికి విచ్చేసి, మోకాళ్ళూని, జాతి తరఫున వాన అడగబోతున్నామని కూడా చెప్పారు.

ఐర్లండ్‌లో వాన ఆగితే బాగుండునన్న మంత్రులను నేను చాలామందిని చూశాను. పడితే బాగుండునన్న మంత్రి ఈయనే మొదటివారు. వింటుంటే నా కళ్ళు తడిశాయి. కన్నీరో చెమటో చెప్పలేను. అప్పటికి పంతొమ్మిది రోజులుగా చినుకు లేదు. బయట ముప్ఫై నాలుగు డిగ్రీలు. మా తాత కాలంలో ఇరవై అయిదు వస్తే పేపర్లో మొదటి పేజీ మీద ఐస్‌క్రీం తింటున్న పిల్లల ఫోటో వేసేవారట. ఇప్పుడు ఆ చోట ఎండిపోయిన బావుల ఫోటోలు వేస్తున్నారు. పిల్లలు ఇళ్ళలో ఉన్నారు.

నా పేరు కోల్మన్ గార్వీ. సెయింట్ లాసర్ చర్చికి తాళాలు తీసేది, కొవ్వొత్తులు వెలిగించేది, గంట కొట్టేది నేనే. పెద్ద చదువు లేదు. దేవుడి మీద నమ్మకం ఉంది. మంత్రుల మీద కూడా ఉంచుకోవాలని ప్రయత్నిస్తూ ఉంటాను.

ఆ వారం మా చర్చిలో ఇరవై ఆరుమంది ముసలివాళ్ళు కాపురం ఉన్నారు. వాళ్ళంతా ఊరి చివర వృద్ధాశ్రమంలోని వాళ్ళు. పదిహేడేళ్ళ కిందట, మంత్రిగారు ఇంకా కౌన్సిలర్‌గా ఉన్నప్పుడు, పట్టుబట్టి ఆ ఆశ్రమం కట్టించారు. పెద్ద హాలుకు దక్షిణం వైపు గోడంతా అద్దమే. కిటికీలకు పిడులు లేవు. అవి తెరుచుకునే కిటికీలు కావు. "చలికి వణికిన మన పెద్దలకు ఇది నా కానుక. ఇందులోంచి ఒక్క డిగ్రీ వేడి కూడా బయటికి పోదు" అని రిబ్బన్ కత్తిరిస్తూ అన్నారు. ఆ భవనానికి డబ్లిన్‌లో బహుమతి కూడా వచ్చింది. ఇచ్చిన మాట అంత కచ్చితంగా నిలబెట్టుకున్న నాయకుణ్ణి నేను మరొకరిని ఎరగను. ఈ జులైలో ఆ హాల్లో ముప్ఫై తొమ్మిది డిగ్రీలు పోగయ్యాయి. ఒక్కటీ బయటికి పోలేదు.

మా పెద్దమ్మ సిస్టర్ ఈటా అక్కడే ఉండేది. కన్యాస్త్రీ. తొంభై మూడేళ్ళు. నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఎండలు మొదలైన పదహారో రోజున ఆమె నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. డాక్టరమ్మ నాడి చూసి, నన్ను పక్కకు తీసుకెళ్ళి, "ఇంకొక్క మధ్యాహ్నం ఈ హాల్లో ఉంచేటట్టయితే నన్ను పిలవకండి. ఫాదర్‌ను పిలవండి" అంది.

ఫాదర్‌నే పిలిచాను. మా ఫాదర్ జోబిన్ కేరళ నుంచి వచ్చినవాడు. ఎండ గురించి ఆయనకు ఎవరూ ప్రకటన చేసి చెప్పనక్కర్లేదు. చర్చి తలుపులు రెండూ బార్లా తెరిచి, "అందరి మంచాలూ పట్టుకు రండి" అన్నాడు.

మా చర్చి గోడలు మూడడుగుల మందం. నూట డెబ్భై ఏళ్ళుగా ఆ చలిని మేం పాపాలకు ప్రాయశ్చిత్తంగా భరించాం. ఆగస్టులో పూజకు వచ్చి ఎవరైనా కోటు విప్పితే, ఇతను మా ఊరివాడు కాదని ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు జిల్లా మొత్తానికి చల్లగా ఉన్న చోటు అదొక్కటే. పెద్దమ్మను ఎడమ వైపు, యేసు సిలువ మోసిన దారిని చూపే గోడ పటాల్లో మూడో పటం కింద పడుకోబెట్టాం. మర్నాడు ఆమె నన్ను నా పేరుతోనే పిలిచి, గంట రెండు నిమిషాలు ఆలస్యంగా కొట్టావని తిట్టింది. ప్రాణం నిలబడిందని నాకు అప్పుడు తెలిసింది.

విషయం తెలిసి మంత్రిగారు సోమవారమే పరుగున వచ్చి, తలుపు పక్కన ఇత్తడి పలక బిగించి వెళ్ళారు. "జాతీయ చల్లదనపు కేంద్రం, నంబర్ 1." నంబర్ 2 ఇంకా ఎక్కడా లేదు. స్కీం ప్రకారం డెబ్భై దాటినవాళ్ళకు మాత్రమే ప్రవేశం. ఆశ్రమం మేట్రన్ ఫిలోమినా కుసాక్ రిజిస్టర్ పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఆమె రూలు తప్పిందని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

బుధవారం మంత్రిగారి భార్య మజెల్లా గారు పూలు అలంకరించే అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. శనివారం రెండు గంటలకు వాళ్ళమ్మాయి ఏవీన్ పెళ్ళి మా చర్చిలోనే. ఏడాది కిందటే ఖాయమైంది.

"పాపం, ఎంత ముద్దొస్తున్నారో" అన్నారావిడ మంచాల వరస చూసి. "ఎన్నాళ్ళుంటారు?"

"వాన పడేదాకా, అమ్మా."

"వానెప్పుడు?"

"శుక్రవారం అడుగుతామని మీవారే అన్నారు కదండీ."

ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. "శుక్రవారం పడితే పడనీ. శనివారం పొద్దున్నకి మాత్రం ఆగిపోవాలి. పచ్చిక మీద టెంటు వేస్తున్నాం. ఎండ లేకపోతే ఫోటోలు ఏం బాగుంటాయి? అన్నట్టు కోల్మన్, మీ బాలయేసును ఒక్కరోజు ఇస్తావా?"

పెళ్ళికి ముందురోజు సాయంత్రం బాలయేసు ప్రతిమను ఇంటి బయట పొద కింద పెడితే మర్నాడు ఎండ కాస్తుందని మా దగ్గర నమ్మకం. మెడ విరిగి అతికించిన ప్రతిమ అయితే ఇంకా గురి. మనం విరగ్గొట్టకూడదు, తనంతట తాను విరగాలి. చర్చి ప్రతిమకు మెడ రెండుసార్లు విరిగింది. అందుకని దానికి జిల్లా అంతటా గిరాకీ.

"ఇస్తాను గానీ, మజెల్లా గారూ," అన్నాను, "పొద్దున వాన అడిగి, అదే సాయంత్రం ఎండ అడిగితే…"

"ఇద్దరం కదా అడిగేది? వాన ఆయన అడుగుతారు. ఎండ నేను అడుగుతాను. మొగుడూ పెళ్ళాం అయినంత మాత్రాన ఒకటే అడగాలా?"

ఇందులో తప్పెక్కడుందో నాకు తోచలేదు. ఫాదర్‌ను అడిగాను.

"మా ఊళ్ళో వాన ఆగమని ప్రార్థిస్తాం" అన్నాడాయన.

"ఆగుతుందా ఫాదర్?"

"సెప్టెంబర్‌లో ఆగుతుంది."

గురువారం మంత్రిగారు స్వయంగా వచ్చారు. వెంట రెండు ఫోన్లు పట్టుకున్న సలహాదారు రూవరీ.

"శనివారం పన్నెండు నుంచి నాలుగు దాకా వీళ్ళని ఆశ్రమానికి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చేద్దాం" అన్నారు మంత్రిగారు. "నాలుగే గంటలు. బస్సు నేను పెట్టిస్తాను. అందరికీ కేకు పంపిస్తాను."

"ఆ నాలుగు గంటలే మంత్రిగారూ ఆ హాలు ముప్ఫై తొమ్మిదికి వచ్చేది" అంది మేట్రన్.

"సగటున ఎంత?"

"సగటున ఎవరూ కూర్చోరండీ. మధ్యాహ్నం కూర్చుంటే మధ్యాహ్నమే కూర్చోవాలి."

సలహాదారు ఒక ఫోన్‌లో స్కీం తెరిచాడు. "అసలు కేంద్రం పనిచేసేది సోమవారం నుంచి శుక్రవారం దాకానే. శనివారం ఇందులో లేదు."

"శనివారం ఎండ ఉండదా?" అన్నాను. తెలియకే అడిగాను.

"స్కీంలో ఉండదు" అన్నాడు అతను, ఓపిగ్గా.

మూడో పటం కింద నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "డొనా."

మంత్రిగారు చప్పున జేబుల్లోంచి చేతులు తీసేశారు. యాభై ఏళ్ళ కిందటి అలవాటు. "చెప్పండి సిస్టర్."

"ఇరవై ఆరులోంచి ఇరవై ఆరు తీసేస్తే ఎంతరా?"

"సున్నా, సిస్టర్."

"తీసివేతలు నీకు మొదట్నుంచీ బాగానే వచ్చురా. కూడికలే రావు."

మంత్రిగారు ఎంతో వినయంగా నవ్వారు. పెద్దల ఆశీస్సులు అందినట్టు సలహాదారు రాసుకున్నాడు. బస్సు పన్నెండింటికి ఖాయమైంది.

ఇంటికొచ్చి నా భార్య నూలాతో చెప్పాను. ఆమె పొయ్యి వెలిగించడం మానేసి వారమైంది. రొట్టె మీద వెన్న రాయబోతే అది గిన్నెలోంచి తనే పారి వస్తోంది.

"ఆ నాలుగు గంటలు ఆవిడ తట్టుకోదు నూలా. డాక్టరమ్మ చెప్పనే చెప్పింది."

"అయితే ఆ బాలయేసును ఇవ్వకు. ఎండ తగ్గితే ఆవిడకు అదే చాలు."

"అడిగితే లేదని ఎలా అంటాను?"

"పొద కింద పెడితే ఎండ కాస్తుందని నువ్వు నమ్ముతావా?"

"నమ్మను. అయినా ఒకవేళ…"

"నమ్మకపోతే, ఇస్తే పోయేదేముంది? నమ్మితే, బీరువాలో పెట్టి తాళం వెయ్యి. మధ్యలో ఊగకు కోల్మన్. నీకంటే ఆ మంత్రి నయం, రెండూ నమ్ముతున్నాడు."

ఆ మాట ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

శుక్రవారం ఆరువందల మంది వచ్చారు. ముసలివాళ్ళ మంచాల మధ్య, ఆవరణలో, రోడ్డు మీద నిలబడ్డారు. మంత్రిగారు మోకాళ్ళూని, శాఖ తయారుచేసిన మూడు పేజీల ప్రార్థన చదివారు. "ప్రభూ, తగు మోతాదులో, దశలవారీగా, ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత, పడమటి జిల్లాలతో మొదలుపెట్టి మాకు వాన అనుగ్రహించు. ఎండుగడ్డి పనులకు, ఆటల పోటీలకు, ముందే ఖాయమైన శుభకార్యాలకు భంగం రానీయకు. వరదలు సంభవించిన పక్షంలో అందుకు ఈ ప్రార్థన కారణమని భావించరాదు."

"ఆమెన్" అన్నాం అందరం. అంత వివరంగా అడిగితే ఇచ్చేవాడికి కూడా సులువుగా ఉంటుంది.

మెట్ల మీద డబ్లిన్ నుంచి వచ్చిన టీవీ అమ్మాయి కాచుకుని ఉంది. అంతకు ముందు అరగంట ఆ అమ్మాయి మూడో పటం కింద పెద్దమ్మ మంచం పక్కన కూర్చోవడం చూశాను. అక్కడ చల్లగా ఉంటుంది కదా అనుకున్నాను.

"మంత్రిగారూ, ఈ కేంద్రం రేపు కూడా తెరిచి ఉంటుందా? ఈ పెద్దవాళ్ళని ఎక్కడికైనా తరలిస్తారా?"

మా వైపు నాయకుల్లో ఒక గుణం ఉంది. గుమ్మంలో నిలబడి ఎవరేమడిగినా కాదనలేరు. రోడ్డు కావాలంటే వేయిస్తామంటారు. పక్కింటివాడు వద్దంటే ఆపిస్తామంటారు. ఇద్దరి ఇళ్ళలో చావులకూ వస్తారు. ఎదురుగా కెమెరా ఉంటే ఆ దయ ఇంకా పొంగుతుంది.

"ఇరవై నాలుగు గంటలూ, ఏడు రోజులూ తెరిచే ఉంటుంది" అన్నారు మంత్రిగారు. "ఎండలు తగ్గేదాకా వీళ్ళను ఇక్కణ్ణుంచి ఎవరూ, ఏ కారణంతోనూ కదిలించలేరు. ఇది నా మాట."

ఆరువందల మందీ చప్పట్లు కొట్టారు. మజెల్లా గారొక్కరూ కొట్టలేదు.

ఫాదర్ వస్త్రాలు మార్చుకునే గదిలో నేను కొవ్వొత్తులు సర్దుతుంటే మంత్రిగారూ, మజెల్లా గారూ, వెనకే సలహాదారూ వచ్చారు.

"ఏ కారణంతోనూనా?" అన్నారావిడ.

"నోటికొచ్చేసింది మజెల్లా."

"రెండువందల నలభై మందిని ఎక్కడ కూర్చోబెడతావు? హోటల్లో నీళ్ళు లేక తలుపులు మూసుకున్నారు. టెంటు కింద నిలబడి పెళ్ళి చేసుకుంటే ఈ ఎండకి పిల్ల మొహం మీద పౌడరు నిలుస్తుందా?"

ఆయన నేను సర్దిన కొవ్వొత్తులు లెక్కపెట్టసాగారు. ఆవిడే ఆలోచించారు.

"ఆశ్రమంలో హాలు ఖాళీగానే ఉందిగా. ఈ జిల్లాలో అంత అందమైన హాలు లేదని ప్రతి ఎన్నికకీ నువ్వే చెప్తావు."

మంత్రిగారు సలహాదారు వైపు చూశారు. సలహాదారు గోడ వైపు చూశాడు. "అద్దం లోంచి ఫోటోలు బాగా వస్తాయి సర్" అన్నాడు.

చర్చి బయట పెళ్ళికి బిషప్ గారి అనుమతి కావాలి. పదకొండు నిమిషాల్లో వచ్చింది. మా బావమరిది పెళ్ళి రద్దు కాగితానికి పదకొండేళ్ళు పట్టింది. అయితే అతను మంత్రి కాదు, కమ్మరి.

ఇక పెద్దమ్మను కదిలించే పని లేదు. నా మనసు తేలికపడింది. సాయంత్రం ఎనిమిదింటికి, ఎండ ఇంకా ముఖాన కొడుతుండగా, బాలయేసును తువ్వాలులో చుట్టుకుని మంత్రిగారింటికి వెళ్ళాను. తోటలో పొదల కింద అప్పటికే ఇరవై మూడు ప్రతిమలు వరసగా నిలబడి ఉన్నాయి. చుట్టాలవి, పార్టీ కార్యకర్తలవి. మంత్రిగారు చొక్కా చేతులు మడిచి, తమ అమ్మగారి కాలంనాటి ప్రతిమను కూడా ఒకటి తెచ్చి ఆ వరసలో పెడుతున్నారు.

"కోల్మన్, నువ్వు చర్చిలో మనిషివి. నిజం చెప్పు. దేవుడు దేన్ని వింటాడంటావు, పొద్దున్నదాన్నా, దీన్నా?"

"పొద్దున్నది మూడు పేజీలుంది కదండీ. చదవడానికి కొంత టైం పడుతుంది."

ఆయన నా భుజం తట్టారు. ఇంటికి నడుస్తూ చూశాను. పొద్దున ఆమెన్ అన్నవాళ్ళ ఇళ్ళ ముందు కూడా సగానికి సగం చోట్ల బాలయేసు బయటే ఉన్నాడు. పెళ్ళికి పిలిచాక ఆ మాత్రం మర్యాద చెయ్యాలి కదా.

శనివారం ఎండ కాసింది. అడిగినదానికంటే రెండు డిగ్రీలు ఎక్కువే కాసింది.

రెండు గంటలకు ఆశ్రమం హాల్లో మగవాళ్ళంతా మూడేసి పొరల ఉన్ని సూట్లలో, ఆడవాళ్ళంతా టోపీల్లో, భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. ఆ రెండువందల నలభై మందీ విడిచిన ఊపిరి కూడా ఎక్కడికీ పోలేదు. పీఠం మీద నేను నాలుగు పెద్ద కొవ్వొత్తులు పెట్టాను. మొదటి వాక్యం చదివేసరికి అవి తలలు వంచాయి. రెండో వాక్యానికి నడుం దాకా వంగాయి. ప్రమాణాల వేళకు నాలుగూ పీఠం మీద సాష్టాంగపడ్డాయి. అంత భక్తి గల కొవ్వొత్తులను నేనింతవరకూ వెలిగించలేదు.

తోడు పెళ్ళికొడుకు ఉంగరం తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయాడు. మూల బల్ల మీద ఉన్న మూడంతస్తుల కేకు రెండంతస్తులయింది. మంత్రిగారి తమ్ముడు కిటికీ తీయబోయి, పిడి కోసం వెతికి, చివరికి కుర్చీ ఎత్తి కొట్టాడు. కుర్చీ విరిగింది. అద్దానికి గీత కూడా పడలేదు. డబ్లిన్‌వాళ్ళు బహుమతి ఊరికే ఇవ్వలేదు.

ఫాదర్ జోబిన్ ఒక్కడే నెమ్మదిగా, స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా చదువుతున్నాడు. "సమ్మతమే" అని ఏవీన్ ఆయన అడగకముందే రెండుసార్లు అంది. మూడోసారి అంటూనే గౌను మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని తలుపు వైపు పరుగు తీసింది. పెళ్ళికొడుకు, పెళ్ళివారు, మంత్రిగారు, అందరూ వెనకే. టెంటు వైపు ఎవరూ తిరగలేదు. నేరుగా చర్చికి.

గుమ్మంలో మేట్రన్ రిజిస్టర్ తెరిచి కూర్చుని ఉంది.

"ఫిలోమినా, లోపలికి వెళ్ళనీ" అన్నారు మంత్రిగారు. మెడలో టై వేళ్ళాడుతోంది. ముఖం బీట్‌రూట్‌లా ఉంది.

"వయసెంతండీ?"

"నేను ఫిలోమినా. నేను."

"మీరెవరో తెలుసు మంత్రిగారూ. వయసు అడుగుతున్నాను."

"అరవై ఒకటి."

"తొమ్మిదేళ్ళాగి రండి. స్కీం మీదే."

వెనక రెండువందల నలభై మంది మూలిగారు. అప్పుడే టీవీ అమ్మాయి వ్యాన్ దిగి, మైకు పట్టుకుని పరుగున వచ్చింది. "మంత్రిగారూ, పెళ్ళి మధ్యలో ఇక్కడికి వచ్చారేమిటి?"

మంత్రిగారు రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. ఆ రుమాలు కిందికి దిగేసరికి ముఖంలో మళ్ళీ ప్రభుత్వం కనిపించింది.

"తనిఖీకి" అన్నారు.

"మరి వీళ్ళంతా?"

"తనిఖీ బృందం."

మేట్రన్ స్కీం కాగితాలు తిరగేసింది. తనిఖీ చేసేవాళ్ళకు వయోపరిమితి ఎక్కడా లేదు. పేర్లు రాసుకుని ఒక్కొక్కరినే వదిలింది.

తనిఖీ మూడున్నర గంటలు సాగింది. ఇంత నిష్ఠగా జరిగిన తనిఖీ నేను చూడలేదు. పెళ్ళికూతురు చెప్పులు విప్పి రాతినేలను అడుగడుగునా పరీక్షించింది. పెళ్ళికొడుకు ఒక స్తంభానికి చెంప ఆనించి, గంటన్నర దాకా తీయలేదు. మజెల్లా గారు టోపీ తీసి, మూడడుగుల గోడకు వీపు చేర్చి, కళ్ళు మూసుకుని పరిశీలించారు. బల్లలు చాలక కొందరు మంచాల మధ్య నిలబడ్డారు, కొందరు మంచాల అంచుల మీద కూర్చున్నారు. ముసలివాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు.

ఆరు గంటలకు టీవీ అమ్మాయి మళ్ళీ మైకు పెట్టింది. మంత్రిగారు సరిగ్గా మూడో పటం కింద, పెద్దమ్మ మంచానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. ముఖానికి మామూలు రంగు వచ్చేసింది.

"తనిఖీలో ఏం తేలింది మంత్రిగారూ?"

"కేంద్రం అద్భుతంగా ఉంది. ప్రజల్లో ఎంత ఆదరణ ఉందో మీరే చూస్తున్నారు. నిన్నటిదాకా ఇరవై ఆరుమంది, ఇవాళ రెండువందల అరవై ఆరు." ఆయన ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూశారు. "ఒకే ఒక్క లోపం కనబడింది. స్థలం చాలడం లేదు. ఈ మంచాలు బాగా అడ్డంగా ఉన్నాయి. పెద్దవాళ్ళకు దీనికంటే విశాలమైన వసతి మన ఊళ్ళోనే ఖాళీగా ఉంది. సోమవారం చూస్తాను."

సలహాదారు రాసుకున్నాడు. టీవీ అమ్మాయి వెళ్ళిపోయింది.

కళ్ళు మూసుకుని ఉన్న పెద్దమ్మ నన్ను సైగ చేసి పిలిచింది. "వాడేమంటున్నాడు?"

"సోమవారం చూస్తానన్నారు పెద్దమ్మా."

"నిన్న మాటిచ్చాడు కదా."

"ఇచ్చారు."

ఆమె కళ్ళు తెరిచింది. దిండు కింద నుంచి జపమాల తీసింది. దాన్ని మంచం పట్టీకీ, పక్కనున్న ఓక్ బల్ల కాలికీ కలిపి రెండు చుట్లు చుట్టి, ముడి వేసింది. గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకుని, అటు తిరిగి పడుకుంది.